రాయి మీది మొక్కలు ఈ సంక్రాంతికి ఇవ్వడం లేదండి

నమస్కారమండి. రాయి మీద పెంచుతున్న ఫైకస్ (మర్రి, రావి జాతి) బోన్సాయ్‌లకి అడ్వాన్సు కట్టి, "పండక్కి ఊరొస్తున్నాం, అప్పుడు పట్టుకెళ్తాం" అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ అందరికీ ముందే చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆ మొక్కలు ఈ సంక్రాంతికి బయటికి రావు. వచ్చే వానాకాలం అంతా మా దగ్గరే ఉండి, దసరా నాటికి మీ చేతికి వస్తాయి. అంతవరకు ఆగలేమంటే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం, ఒక్క మెసేజ్ పెట్టండి చాలు. ఆగేవాళ్ళకి ధర పెంచం.

ఎందుకు ఆపామో కూడా వినండి. వానలు వెనకబట్టాక కుండీల్లో పైమట్టి తీసి, రాయి చుట్టూ బిగించిన సైకిల్ ట్యూబు పట్టీలు కొన్నిటికి విప్పి చూశాం. రాయి పై సగంలో వేళ్ళు చక్కగా పట్టాయి. పెన్సిల్ లావు వచ్చినవీ ఉన్నాయి. బెరడు కట్టి, రాతి గాడిలో ఒదిగిపోయి, గోటితో నెట్టినా కదలడం లేదు. కింది సగం అలా లేదండి. అక్కడ వేరు ఇంకా తెల్లగా, లేతగా ఉంది. వేలితో కాస్త ఎత్తితే రాయిని వదిలి లేచి వచ్చేస్తోంది.

ఈ స్థితిలో మొక్కను తీసి ట్రేలో పెట్టి అమ్మడం పెద్ద పని కాదు. ఫోటోలో తేడా ఎవరికీ తెలియదు. కానీ మార్చి దాటాక ఎండకి రాయి వేడెక్కుతుంది, దాన్ని ఆనుకున్న లేత వేరు ముందు ఎండిపోతుంది. పై వేళ్ళకి నీళ్ళు అందించేది ఆ కింది వేళ్ళే కాబట్టి కొమ్మ తర్వాత కొమ్మ వాడిపోతుంది. అందుకని విప్పినవాటికి కొత్త పట్టీలు చుట్టి మళ్ళీ మట్టిలోకి దించేశాం.

ఇంత ఆలస్యం ఎందుకని అడిగేవాళ్ళకి పని ఎలా జరుగుతుందో చెబుతాను. ముందు మొక్కకి పొడుగాటి వేళ్ళు కావాలి. లేత మొక్కను లోతైన పైపులో గానీ, పొడుగు గ్రో బ్యాగులో గానీ పెంచితే వేళ్ళు కిందికి సాగుతాయి. వానలు మొదలయ్యాక దాన్ని తీసి, మట్టంతా కడిగి, వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి రాతి గాళ్ళలో పరుస్తాం. మా దగ్గర ఈ పని ఆడవాళ్ళే చేస్తారు. వేరు తెగకుండా చిక్కు తీయడం వాళ్ళకొచ్చినట్టు నాకు రాదు. తెగినచోట పాలు కారతాయి, తడిగుడ్డతో అద్దాలి. తర్వాత ట్యూబు పట్టీలతో గట్టిగా చుట్టి, రాయితో సహా లోతు కుండీలో పాతేస్తాం. గోదావరి ఇసుక, ఇటుక ముక్కలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), కాస్త వర్మీ కంపోస్టు కలిపిన మట్టి పోస్తాం. చీకటి, తడి ఉన్నంతకాలం వేరు కిందికి దిగుతూ రాయిని కరుచుకుంటుంది. ఏడాది దాకా కదిలించకూడదు. ఆ తర్వాత పైనుంచి కొంచెం కొంచెంగా మట్టి తగ్గిస్తూ రావాలి. గాలి, వెలుతురు తగిలిన వేరు బెరడు కడుతుంది, లోపలున్నది ఇంకా సాగుతుంది. అన్నీ అనుకూలిస్తే రెండు మూడేళ్ళ పని. తొందరపడి ఒకేసారి మట్టంతా తీసేస్తే వేరు ఎండుతుంది తప్ప లావెక్కదు.

రాయి గురించి కూడా ఒక మాట. నున్నటి ఏటిరాయి చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ వేరుకి పట్టు దొరకదు. మెత్తటి రాయి నాలుగేళ్ళకి పొరలు పొరలుగా రాలిపోతుంది, వేరు గాల్లో మిగులుతుంది. మేము వాడేది గౌరీపట్నం వైపు దొరికే నల్లరాయి. ఒకప్పటి లావా గడ్డకట్టిన రాయి అది, గట్టిది, పగుళ్ళు బాగా ఉంటాయి. నిలువు గాళ్ళున్న ముక్క దొరికితే ఇంక దాన్ని వదలం.

ఈ జాతి చెట్లకి రాయిని పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. తాటిచెట్టు మొవ్వులో పిట్ట రెట్టతో పడిన గింజ మొలిచి, మాను చుట్టూ వేళ్ళు దింపుకుంటూ నేలకి చేరిన మర్రిని మన ఊళ్ళలో చూడనివాళ్ళు ఉండరు. పాత బావి గోడల్లో, గుడి గోపురం మీద రావి మొలిచేదీ ఇలాగే. రెండు వేళ్ళు ఒరుసుకుంటే కొన్నాళ్ళకి కలిసిపోయి ఒక్కటవుతాయి. మేము ఆ గుణాన్ని కుండీలోకి తెస్తున్నాం, అంతే. బోన్సాయ్‌కి మర్రి, రావి ఆకులు పెద్దవి, చిన్నవి చేయడం కష్టం. అందుకే ఎక్కువగా ఫైకస్‌లోనే మైక్రోకార్పా అనే రకం మీద చేస్తాం. దాని ఆకు చిన్నది, కత్తిరిస్తే గుబురు కడుతుంది, వేరు జోరుగా పోతుంది. అదే జాతిలో దుంపల్లాంటి వేళ్ళతో అమ్మే జిన్సెంగ్ ఫైకస్ తెచ్చి, దాన్ని రాయికి ఎక్కించమని కొందరు అడుగుతున్నారు. అది కుదరదండి. అంత లావు వేరు వంగదు. దాన్ని దాని అందంతో అలాగే ఉంచుకోండి.

ఇంకో సంగతి. కొన్నిచోట్ల రాయికి జిగురుతో వేళ్ళు అతికించి, ఆరు నెలల మొక్కని పాతికేళ్ళ చెట్టులా చూపించి అమ్ముతున్నారు. కొనేముందు రాయి అంచున వేరుని వేలితో మెల్లిగా తోసి చూడండి. పట్టిన వేరు రాతి ఎత్తుపల్లాలను అనుసరించి కాస్త చదునుగా అయి ఉంటుంది. అతికించింది గుండ్రంగా, తాడులా పైపైన ఉంటుంది. మా దగ్గర కొన్నా ఈ పరీక్ష చేసే తీసుకోండి.

ఇప్పుడు ఊడల సంగతి. ఎక్కువ ఫోన్లు దీని గురించే వస్తున్నాయి. "మీ దగ్గర అన్ని ఊడలున్నాయి, మా ఇంటికి తెచ్చాక ఒక్కటీ దిగలేదు" అని హైదరాబాద్ నుంచి, అనంతపురం నుంచి అడుగుతున్నారు. మీ పెంపకంలో లోపం లేదు. మా నర్సరీ ఉన్న కడియం (రాజమండ్రి దగ్గర) చుట్టూ కాలవలు, పొలాలు, పక్కపక్కనే నర్సరీల తడి. గాల్లో చెమ్మ ఉన్నప్పుడే కొమ్మ నుంచి దారంలాంటి ఊడ బయటికొస్తుంది. పొడిగాలికి దాని కొన నల్లబడి ఆగిపోతుంది. మరి కదిరి దగ్గర ఎండిన సీమలో తిమ్మమ్మ మర్రిమాను నాలుగెకరాల పైన ఎలా పరుచుకుంది అని ఒకాయన అడిగారు. 1989లో గిన్నిస్‌కెక్కిన చెట్టు అది. అంత పెద్ద చెట్టు తన నీడలో తన చల్లదనాన్ని తానే చేసుకుంటుంది. అక్కడ కూడా లేత ఊడలకి వెదురు బొంగులు కట్టి, అందులో మట్టీ ఎరువూ నింపి నేలకి దింపుతారు. ట్రేలో ఉన్న జానెడు మొక్కకి ఆ నీడ లేదు కదా, మనమే కల్పించాలి.

జూన్ నుంచి అక్టోబరు వరకు మొక్క చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పండి. నేరుగా ఎండ పడనీయకండి, లోపల ఉడికిపోతుంది. రోజుకోసారి కవరు ఎత్తి గాలి తగలనివ్వండి. లేత గులాబీ రంగు కొనతో ఊడ కనపడగానే ఒక స్ట్రాను నిలువునా చీల్చి, తడి కోకోపీట్ నింపి, ఊడ లోపలుండేలా తొడిగి, కింది కొసని మట్టిలో గుచ్చండి. ఊడ మట్టిని తాకేవరకు దారంలానే ఉంటుంది. తాకాక బిగుసుకుని తీగలా నిటారుగా నిలబడుతుంది, లావెక్కడం కూడా అప్పుడే మొదలు. ఆ తర్వాత స్ట్రా తీసేయొచ్చు. వచ్చిన ప్రతి ఊడనీ ఉంచకండి. అన్నీ ఒకేచోట దిగితే మాను కనపడదు, మంచివి రెండు మూడు ఉంచి మిగతావి చిన్నప్పుడే తుంచేయండి.

ఈ ఓపిక మీకు లేదనుకుంటే ఊడల మొక్క కొనవద్దనే చెబుతాను. రాయి మీది మొక్క హైదరాబాద్‌లో, బెంగళూరులో కూడా హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో రాయిని కూడా తడుపుతూ ఉంటే చాలు. చోటు మారినప్పుడు ఆకు రాలుస్తుంది, కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోయకండి, రెండు మూడు వారాల్లో చిగుళ్ళేస్తుంది. లేత ఆకులు మడతపడి దొప్పల్లా కనిపిస్తే లోపల తామర పురుగులుంటాయి, ఆ ఆకుల్ని తుంచి కాల్చేయండి.

సంక్రాంతికి వచ్చేవాళ్ళు ఖాళీ చేతులతో వెళ్ళాలని కాదు. ఇంకా రాయి ఎక్కించని, పొడుగు పైపుల్లో వేళ్ళు సాగిన మైక్రోకార్పాలు ఉన్నాయి, ఒక్కోటి 350 రూపాయలు. రాయి కూడా ఏరుకోవచ్చు, దానికి డబ్బు తీసుకోం. ఎక్కించడం మాత్రం వానల్లో చేయండి, ఈ చలిలో వేరు మందకొడిగా సాగుతుంది. భోగికి, సంక్రాంతికి నర్సరీ మూసి ఉంటుంది, కనుమ నాడు మధ్యాహ్నం నుంచి తెరుస్తాం. దసరాకి రాయి మొక్కలు వీలైనంతవరకు మీరే వచ్చి తీసుకెళ్ళండి. లారీ కుదుపులకి రాయి కదిలితే సన్నటి వేళ్ళు తెగుతాయి. రాలేనివాళ్ళకి రాయిని కుండీకి తీగతో బిగించి పంపుతాం. మొక్క చేరాక కూడా ఆ తీగని ఆరు నెలలు విప్పకండి.