బుడమేరు వరద సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

సంఘ విశ్వాసులకు, దాతలకు ప్రభువు నామమున వందనములు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మనం పోగుచేసిన సొమ్ము ఏమైందని ఆరాధన ముగిశాక గుడి ఆవరణలో మాటలు నడుస్తున్నందున, సంఘ పెద్దల ఆదేశంపై కమిటీ ఈ వివరణ ఇస్తున్నది.

జమ: ప్రత్యేక కానుక 62,400, ఇంటింటి చందా 1,18,500, స్త్రీల సమాజం 21,000, హైదరాబాదులోను గల్ఫ్‌లోను ఉన్న మన పిల్లలు పంపినది 75,000, వెరసి 2,76,900 రూపాయలు. గల్ఫ్ నుండి అడగకముందే పంపినవారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

ఖర్చు: మొదటి వారంలో పాలు, రొట్టెలు, నీళ్ల సీసాలు, ట్రాక్టరు కిరాయి 58,300. నీరు తీశాక బియ్యం, పప్పు, నూనె, దుప్పట్లు, బ్లీచింగ్ పౌడరు 64,600. వీటిపై ఎవరికీ అభ్యంతరం లేదు.

అభ్యంతరమంతా మిగిలిన 1,54,000 నవంబరు దాకా బ్యాంకులో ఎందుకున్నదని, అందులో 1,40,800 ఆటోలకు, కుట్టుమిషన్లకు ఎందుకు పోయిందని. దాతల బండ్లు ఫ్లైఓవరు దగ్గరే ఆగిపోయి పులిహోర పొట్లాలు అక్కడే పోగుపడుతుండగా, లోపల వాంబే కాలనీ, కండ్రిక సందులలో మేడలెక్కినవారికి మంచినీళ్లు అందకపోవడం మన ట్రాక్టరుపై వెళ్లినవారు చూశారు. తర్వాత అన్నానికి లోటు తీరింది. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25,000 రూపాయలు మంచాలకు, గిన్నెలకు, స్టవ్వుకే సరిపోదు. బండి కదిలితే మా తిండి మేమే చూసుకుంటామని మునిగిన ఆటోలవారే అడిగారు. రోజుల తరబడి మునిగిన ఇంజనును పైపైన తుడిచి స్టార్టు చేస్తే ఉన్నది కూడా పోతుంది కనుక విప్పి, బురద కడిగి, బేరింగులు, వైరింగు చూడవలసి వచ్చింది. నగరంలోని షెడ్లన్నీ మునిగిన బండ్లతో నిండి ఉండగా మన వంతు ఆలస్యంగా వచ్చింది. ఆరు ఆటోలకు 75,600, పద్నాలుగు కుట్టుమిషన్లకు 46,200, రెండు టిఫిన్ బండ్లకు 19,000 అయ్యాయి. సొమ్ము యజమానుల చేతికి ఇవ్వక నేరుగా మెకానిక్కులకు చెల్లించాము. అచ్చు బిల్లులు లేవన్న మాట నిజమే. ఆటో నంబరు, మార్చిన పార్టులు, మెకానిక్ సంతకం ఉన్న చీటీలు ఉన్నాయి.

ఈ సొమ్ముతో షామియానా వేసి, మైకు పెట్టి, బయటి ప్రసంగీకుని పిలిచి ఆదరణ కూడిక జరపాలన్న సూచనను కమిటీ అంగీకరించలేదు. ఒంటిమీద బట్ట, కడుపుకు కూడు లేనివానికి వట్టి దీవెన చెప్పి పంపితే ప్రయోజనమేమిటని యాకోబు పత్రిక అడిగినది మనం ఆదివారం చదివినదే. ప్రార్థనే వద్దన్నామనే ప్రచారం మాత్రం అన్యాయం. వెళ్లిన ప్రతి ఇంటా, ఇంటివారు కోరినప్పుడు ప్రార్థించాము. ఆరుగురు ఆటోవారిలో ఇద్దరే విశ్వాసులని ఆక్షేపించినవారికి మా జవాబు ఒక్కటే: ఏ ఇంట్లో బైబిలు ఉన్నదో చూసుకుని వరద రాలేదు.

ఒప్పుకున్న చందాలలో తొమ్మిది కుటుంబాల నుండి 38,000 ఇంకా రావలసి ఉన్నది. పేర్లు ప్రకటించము. అయితే మైకులో పేరు చదివించుకున్నవారు, లెక్కలు గట్టిగా అడిగినవారు కూడా వారిలో ఉన్నారని చెప్పక తప్పడం లేదు.

నిల్వ 13,200 రూపాయలు, బ్యాంకు వడ్డీ కాక. పాయకాపురంలో ఏడవ ఆటో ఇంజను విప్పి ఉన్నది; దానికి 15,000 అవుతుందని మెకానిక్ చెప్పాడు. బాకీ చందాలను వచ్చే ఆదివారంలోగా కోశాధికారి వద్ద చెల్లించి రసీదు పొందగలరు. చిట్టా, చీటీలు, బ్యాంకు పుస్తకం ఆయన వద్దనే ఎవరైనా చూడవచ్చు.