చిన్నీకి, నాన్న

చిన్నీ,

ఉసిరికాయ పచ్చడి అందిందా? దారిలో నూనె కారి ఉంటే పైన రెండు గరిటెలు నువ్వుల నూనె కాచి చల్లార్చి పొయ్యి. ముక్క నూనె పైకి తేలితే బూజు పడుతుంది. నీ ఫోను వచ్చి పద్దెనిమిది రోజులైంది, అమ్మ లెక్కపెడుతోంది.

వరండా మెట్లు బాగుచేయించాం. రాజేశ్వరత్త వచ్చి చూసి, "చిన్ని లాయరు ఉద్యోగం మానేసి రాసుకుంటానంటోందట" అంది. ఆ సంగతి అడగడానికి కాదులే ఈ ఉత్తరం. సంక్రాంతికి వచ్చినప్పుడు ఓరీ ఒకొల్లో గురించి అడిగావు, అప్పుడు సగంలో ఆపేశాను.

ఆవిడది కెన్యా దేశం, చదివింది నీలాగే లా. 2005లో హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకుని, వాషింగ్టన్‌లో పెద్ద న్యాయ సంస్థలో కొలువు వచ్చినా కాదనుకుంది. ఆవిడ రాసే బ్లాగు పేరు కెన్యన్ పండిట్. ఆ పండిట్ మన పండితుడే, ఇంగ్లీషు మీదుగా అక్కడిదాకా వెళ్ళాడు. 2006లో మరో మిత్రుడితో కలిసి మ్జలెండో అనే వెబ్‌సైటు మొదలెట్టింది. అక్కడి స్వాహిలీ భాషలో దేశభక్తుడని అర్థం. కెన్యా పార్లమెంటులో ఏ సభ్యుడు ఏం మాట్లాడాడో, ఏం చేశాడో జనం ముందు పెట్టే పని.

2007 డిసెంబరు 27న అక్కడ ఎన్నికలు. 30న అప్పటి అధ్యక్షుడు కిబాకీయే మళ్ళీ గెలిచాడని ప్రకటించి, ఆ సాయంత్రమే ప్రమాణం చేయించారు. అల్లర్లు చెలరేగాయి, టీవీల్లో రేడియోల్లో ప్రత్యక్ష ప్రసారాలు ఆపించారు. వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. వార్తలు లేని ఆ రోజుల్లో జనం ఆవిడకు ఈమెయిళ్ళు రాశారు: మా వీధిలో ఇళ్ళు తగలబెట్టారు, మా ఊరి దారి మూసేశారు అని. ఒక్క మనిషి అవన్నీ చదివి, సరిచూసి రాయడం అయ్యే పనా? జనవరి మొదటి వారంలో బ్లాగులోనే అడిగింది, ఇవన్నీ పటం మీద గుర్తుపెట్టే ఏర్పాటు ఎవరైనా చేయగలరా అని. డేవిడ్ కోబియా, ఎరిక్ హెర్స్‌మన్ లాంటివాళ్ళు ముందుకొచ్చారు. రోజుల్లోనే ఉషాహిది అనే ఆ పటం వెబ్‌సైటు తయారైంది. స్వాహిలీలో ఆ మాటకు సాక్ష్యమని అర్థం. 2010 జనవరిలో హైతీ భూకంపమప్పుడూ అదే వాడారు. శిథిలాల నుంచి క్రియోల్ భాషలో వచ్చిన సందేశాలను విదేశాల్లోని హైతీవాళ్ళు అనువదించి పెట్టారు.

ఇలాంటి పనికి దిగేవాళ్ళు మొదట చూడాల్సింది, చెప్పేవాడు కళ్ళారా చూశాడా, విన్నాడా అని. రెండూ వేరువేరుగా రాసుకో. ఏ పూట, ఏ ఊరు, ఏ పక్క అన్నది అప్పుడే అడుగు, మర్నాటికి జ్ఞాపకం మారిపోతుంది. ఒకే పేరుతో రెండు ఊళ్ళుంటాయి, జిల్లా అడక్కపోతే గుర్తు తప్పుచోట పడుతుంది. ఒకే సందేశం పదిమంది పంపితే పది సాక్ష్యాలు కావు, మూలం ఒకటే. ఒకరికొకరు తెలియని ఇద్దరు చెబితే అప్పుడు కాస్త నిలబడుతుంది. రూఢి కానిదాన్ని రూఢి కాలేదనే వెయ్యి. పంపినవాడి పేరు, ఫోను నంబరు బయటపెట్టకు, ప్రాణం మీదికి వస్తుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, పటంలో గుర్తు లేనిచోట ప్రశాంతంగా ఉందనుకోవడం. అక్కడ సిగ్నలు లేకపోవచ్చు, ఫోను చేసే మనిషే లేకపోవచ్చు.

పద్దెనిమిది రోజులమ్మా.

ఇంకొకటి. ఒకొల్లో బ్లాగు మీదే బతకలేదు. లా సలహాల పని చేసింది, తర్వాత గూగుల్‌లో ఆఫ్రికా విధాన వ్యవహారాలు చూసింది. రాయొద్దని నేననను. ఆర్నెల్ల అద్దె, తిండిఖర్చు బ్యాంకులో వేసుకున్నాకే రాజీనామా ఇవ్వు. ఇచ్చేసి ఉంటే ఆ సంగతైనా చెప్పు, అత్త నోటి నుంచి కాదు, నీ నోటి నుంచే వినాలి. మూలాన్ని అడగకుండా నమ్మకూడదని ఇందాకంతా చెప్పింది నేనే కదా, అందుకే నిన్నే అడుగుతున్నాను.

ఆదివారం తొమ్మిదిలోపు ఫోను చెయ్యి, తర్వాత అమ్మ గుడికి వెళ్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకో, కాఫీ అరగంట తర్వాత.

నాన్న