మొదలుపెట్టే ముందు ఒకసారి ఆలోచించు

శ్రావణీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక రాత్రంతా నిద్రపట్టలేదు. ఆరేళ్లు చేసిన కంపెనీ పొద్దున మెయిల్ పెట్టి సాయంత్రానికి వెళ్లిపొమ్మంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఉద్యోగాలు పోయిన పదకొండు మందీ కలిసి సొంతంగా పని మొదలుపెడతామన్నావు, సంతోషం. కానీ పెట్టుబడి పెట్టే ఆయనకు సగానికి పైగా వాటా ఇస్తామన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. రేపు ఆయనకు లాభం చాలలేదనిపిస్తే మీకు మళ్లీ అదే మెయిల్ రాదా? దాని బదులు పనిచేసే మీరే యజమానులుగా సహకార సంఘం పెట్టుకోండి అంటాను.

నీ చిన్నప్పుడు మనం ఒక ప్రైవేటు డెయిరీకి పాలు పోసేవాళ్లం. పాలలో వెన్న శాతం, అదే ఫ్యాట్, వాళ్లు ఎంత రాస్తే అంతే డబ్బు. ఒకసారి గట్టిగా అడిగినందుకు నాలుగు రోజులు మన పాలు తీసుకోలేదు. ఆ పాలన్నీ తోడేసి, చుట్టాలకు మజ్జిగ పంచాను. తర్వాతే ములుకనూరు మహిళా డెయిరీలో చేరాను, అది పాలు పోసే ఆడవాళ్లదే అయిన సహకార సంఘం. విశ్వనాథరెడ్డిగారు 1956లో పెట్టిన రైతుల సహకార సొసైటీ అక్కడే నడుస్తుంటే చూశాం కాబట్టి ధైర్యం చేశాం. మొదటి మహాసభలో నా గుండె దడదడలాడింది. రెండు బర్రెలున్న నాకూ ఒకటే ఓటు, పది బర్రెలున్న ఆమెకూ ఒకటే ఓటు! బోనస్ మాత్రం ఎవరు పోసిన పాలను బట్టి వాళ్లకు. లెక్క అర్థం కాకపోతే లేచి అడగొచ్చు. నేను అడిగాను కూడా.

ఇది పాలవాళ్లకే అనుకోకు. కేరళలో ఊరాలుంగల్ కూలీల సహకార సొసైటీని 1925లో పద్నాలుగు మంది మొదలుపెట్టారు. రోడ్లు, వంతెనలు కట్టే ఆ సొసైటీయే కోజికోడ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలకు సైబర్ పార్కు కట్టింది.

మన దగ్గర 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పది మంది చేరితే సొంత సంఘం పెట్టుకోవచ్చు. ప్రభుత్వం డబ్బు తీసుకోనక్కర్లేదు, వాళ్ల పెత్తనమూ ఉండదు. కష్టాలు లేవని చెప్పను. ఎంత డబ్బు పెట్టినా ఎక్కువ ఓట్లు రావు కాబట్టి పెద్ద పెట్టుబడి రాదు, మీ జేబుల్లోంచే వేసుకోవాలి. ఒక్కో నిర్ణయానికి మీటింగుల్లో గంటలు పడతాయి. మొదటి ఏడాది జీతం తక్కువే తీసుకోవాల్సి రావచ్చు. పొదుపు చేసిన డబ్బు నా దగ్గర కొంత ఉంది, అది మీకే.

సంతకం పెట్టకముందే ఈ ఆదివారం మీరందరూ రండి. పొద్దున ఆరింటికి పాల సెంటర్‌కు తీసుకెళ్తాను, ఫ్యాట్ చూసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. తర్వాత అన్నాలు తింటూ మాట్లాడుకుందాం.

అమ్మ