కాలేజీ వయసులో ఏడీహెచ్‌డీని తేల్చి చెప్పే దారి చూపండి: ఆరోగ్యశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. క్లాసులో అందరికంటే ముందు జవాబు చెప్పి, అసైన్‌మెంట్ మాత్రం ఇవ్వలేకపోయే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పాఠం తెలుసు, గడువు తెలుసు, ఫెయిలవుతామన్న భయమూ ఉంది. పని మొదలుపెట్టడమే వాళ్ల వల్ల కాదు. వీళ్లందరికీ ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, నిలకడ లేకపోవడం ఉండే మెదడు ఎదుగుదల సమస్య) ఉందని నేను అనడం లేదు. ఉందో లేదో సరిగ్గా తేల్చి చెప్పేవాళ్లు వాళ్లకు అందుబాటులో ఉండాలంటున్నాను.

ఇది చిన్నపిల్లల సమస్య, పెద్దయ్యాక దానంతటదే పోతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. చాలామందికి పోదు. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే, 2013లో వెలువడిన డీఎస్ఎం-5 పుస్తకం పదిహేడేళ్లు, ఆపైబడినవారికి ఆరు లక్షణాల బదులు ఐదు ఉన్నా చాలంది. అయితే వాటిలో కొన్నయినా పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలి, ఒకటికి మించిన చోట్ల ఇబ్బంది పెడుతుండాలి. మరి స్కూల్లో ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? అమ్మ నిద్ర లేపేది, టీచరు హోంవర్కు అడిగేది, రోజంతా ఎవరో ఒకరు వెంటపడేవారు. కాలేజీకి రాగానే ఆ ఆసరా ఒక్కసారిగా పోతుంది. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లలనైతే చిన్నప్పుడు పట్టించుకున్నవాళ్లే తక్కువ.

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుకలోకి తెచ్చిన ఆరు ప్రశ్నల పట్టిక కూడా డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నంతవరకే చెబుతుంది. అసలు నిర్ధారణకు ఓపిగ్గా మాట్లాడాలి. పాత ప్రోగ్రెస్ కార్డులు చూడాలి, వీలైతే తల్లిదండ్రులను అడగాలి. నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్, మత్తు అలవాటు వంటివి కూడా ఏకాగ్రతను దెబ్బతీస్తాయి కాబట్టి వాటినీ పరిశీలించాలి. పది నిమిషాల్లో చీటీ రాసిచ్చే చోట రెండు తప్పులూ జరుగుతాయి: లేనివాళ్లకు మందులు వెళతాయి, ఉన్నవాళ్లు బద్ధకస్తులన్న ముద్రతో ఇంటికి వెళతారు. రెండో తప్పు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మందుల మీద మీ శాఖకున్న భయం నాకు అర్థమవుతుంది. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్ప్రేరక (మెదడును చురుగ్గా చేసే) మందులను పరీక్షల ముందు స్నేహితుల దగ్గర తీసుకుని మింగేవాళ్లున్న మాట నిజం. నియంత్రణ ఉండాల్సిందే. కానీ ఆ భయంతో అవసరమైనవాళ్లకు తలుపు మూస్తే ఎలా? రోజంతా నెమ్మదిగా పనిచేసే మాత్రల దుర్వినియోగం కొంత కష్టం. ఉత్ప్రేరకం కాని అటమాక్సెటిన్ ఉంది, దాని ఫలితం పూర్తిగా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఏది ఇచ్చినా నాడి, బీపీ, ఆకలి, నిద్ర గమనిస్తూ ఉండాలి. మందు ఏకాగ్రతను ఇస్తుందిగానీ క్యాలెండరు రాసుకోవడం, పెద్ద పనిని ముక్కలు చేసుకోవడం నేర్పదు. అవి నేర్పే సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) తరహా కౌన్సెలింగ్ కూడా చికిత్సలో భాగమే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది పద్దెనిమిదో పుట్టినరోజు. చిన్నప్పటి నుంచి మందు వాడుతున్న పిల్లవాడిని పిల్లల డాక్టరు ఇక చూడలేనంటారు, పెద్దల విభాగంలో ఈ సమస్య తెలిసినవాళ్లు దొరకరు. సరిగ్గా ఇల్లు వదిలి, కొత్త చదువు మొదలుపెట్టే ఏడాదే చికిత్స ఆగిపోతుంది. పిల్లల డాక్టరు ఫైలు చేతికిచ్చి పంపించేయకుండా, ఫలానా సైకియాట్రిస్టు ఫలానా తేదీన చూస్తారని రాసిచ్చే నిబంధన తీసుకురండి.

కాలేజీ కౌన్సెలర్లకు ఈ లక్షణాలు గుర్తించి పంపే శిక్షణ ఇప్పించండి. పెద్దలను చూసే సైకియాట్రిస్టులకు దీనిపై ప్రత్యేక శిక్షణ కావాలి. నిర్ధారణ అయినవాళ్లకు పరీక్షలో అదనపు సమయం, తక్కువ మంది ఉండే గది దొరికేలా ఉన్నత విద్యాశాఖతో మాట్లాడండి. నిర్ధారణ వివరాలు విద్యార్థి అనుమతి లేకుండా కాలేజీ రికార్డుల్లోకి వెళ్లకూడదు. ఈ భరోసా లేకపోతే ఎవరూ ముందుకు రారు. వచ్చే విద్యాసంవత్సరం అడ్మిషన్లు మొదలయ్యేలోగా ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక కాలేజీ అధ్యాపకుడు