చరిత్ర అధ్యయన బృందం వార్షిక నివేదిక: నైట్ల వీరధర్మంతో గడిచిన ఏడాది

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

మన ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నట్టే ఈ ఏడాది చదువంతా మధ్యయుగపు యూరప్‌లో గుర్రమెక్కి పోరాడిన నైట్ల మీద, షివల్రీ అనే వాళ్ల వీరధర్మం మీద సాగింది. లండన్‌లో ఉంటూ ఈ అంశం పట్టుకోకపోతే ఇంకెక్కడ పట్టుకుంటాం అన్న మాట మొదట అన్నది మన పెద్దలే. వారికి ధన్యవాదాలు.

నెలవారీ సమావేశాలు ఒకటి రెండు తప్ప అన్నీ జరిగాయి. అందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టిన నియమావళి ఏదో ఉండి ఉంటుందని మనలో చాలామంది అనుకున్నాం. అలాంటిది ఎన్నడూ లేదు. 1270లలో కతలాన్ రచయిత రామన్ లుల్ రాసిన పుస్తకం ఒక తీరుగా చెబితే, 1350 ప్రాంతంలో ఫ్రెంచి నైట్ జాఫ్రువా ద షార్నీ, స్వయంగా యుద్ధాలు చేసినవాడు, మరో తీరుగా చెప్పాడు. చర్చి మాట వేరే. 989లో ఫ్రాన్స్‌లోని షారూలో కూడిన బిషప్పులు పేదల గొర్రెల్నీ ఎద్దుల్నీ తోలుకుపోయేవాళ్లకు, ఆయుధం లేని మతగురువుల మీద చెయ్యి చేసుకునేవాళ్లకు శాపం పెట్టారు. 1130లో టోర్నమెంట్లను, అంటే నైట్లు జట్లుగా చేసే పందెపు పోరాటాలను, చర్చి నిషేధించింది. నైట్లు వింటేనా! చివరికి 1316లో పోపే ఆ నిషేధాన్ని ఎత్తేశాడు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది లండన్‌లోని టెంపుల్ చర్చ్ యాత్ర. ఫ్లీట్ స్ట్రీట్ సందులోంచి లోపలికి వెళ్తే 1185లో ప్రతిష్ఠ జరిగిన గుండ్రటి గుడి. నేల మీద రాతి నైట్లు వెల్లకిలా పడుకుని ఉంటారు. వాళ్లలో విలియం మార్షల్‌ది అని చెప్పే శిల్పం దగ్గర మన పిల్లలు చాలాసేపు కూర్చున్నారు. 1941 బాంబు దాడిలో ఈ శిల్పాలు బాగా దెబ్బతిన్నాయి, అయినా చేతిలో డాలు తెలుస్తూనే ఉంది.

మార్షల్ కథను మన అధ్యక్షురాలు అక్కడే నిలబడి చెప్పారు. చిన్నప్పుడు తండ్రి ఇతన్ని ఇంగ్లండ్ రాజు స్టీఫెన్ దగ్గర బందీగా ఉంచి, మాట తప్పాడు. పిల్లవాణ్ణి ఉరి తీస్తామంటే, ఇంతకంటే మంచి కొడుకుల్ని కనడానికి నా దగ్గర సుత్తీ దాగలీ ఉన్నాయన్నాడట ఆ తండ్రి. రాజుకు చెయ్యాడక పిల్లవాణ్ణి వదిలేశాడు. అలా బతికి బయటపడ్డవాడు నలుగురు రాజుల కొలువు చేసి, డెబ్బై ఏళ్ల వయసులో 1217లో లింకన్ యుద్ధం గెలిచి, బాల రాజు మూడో హెన్రీ తరఫున రాజ్యం నడిపి, 1219లో పోయాడు. టోర్నమెంట్లలో పట్టుకున్న గుర్రాలూ కవచాలూ తిరిగి ఇచ్చేస్తే గానీ మోక్షం లేదని చర్చి అంటోందని మరణశయ్య మీద ఉన్న ఆయనకు ఎవరో చెబితే, ఐదు వందల మంది నైట్లను పట్టుకున్నాను, ఇప్పుడెలా ఇవ్వగలనని అడిగాడు. ఆయన మీద సుమారు 19 వేల పాదాల కావ్యం రాయించినవాడు ఆయన కొడుకే. కాబట్టి అందులో పొగడ్త పాలు ఎక్కువన్న సంగతి మరిచిపోకూడదు.

అక్కణ్ణుంచి స్ట్రాండ్ మీదుగా సవాయ్ దాకా నడిచాం. ఫ్రాన్స్ రాజు రెండో జాన్ 1364లో చనిపోయింది అప్పట్లో అక్కడున్న సవాయ్ భవనంలోనే. 1356లో పోయితియే యుద్ధంలో ఓడి పట్టుబడితే, ఆ రాత్రి అతనికి భోజనం వడ్డించింది గెలిచిన ఇంగ్లండ్ యువరాజు బ్లాక్ ప్రిన్సే. (షార్నీ రాజు జెండా మోస్తూ చనిపోయింది కూడా ఈ యుద్ధంలోనే.) తర్వాత 30 లక్షల బంగారు నాణేల ఒప్పందం మీద జాన్‌ను విడిచిపెట్టారు. పూచీగా ఉంచిన కొడుకు 1363లో పారిపోయేసరికి, తండ్రి తనంతట తానే లండన్‌కు తిరిగివచ్చి చెరలో కూర్చున్నాడు. దీని మీద పిల్లలు చేసిన వాదప్రతివాదాలు విని నాకు కళ్లు చెమర్చాయి.

ఒక విషయం మాత్రం నివేదికలో ఉండాలి. ఈ ధర్మం నైట్లు తమలో తాము పాటించుకున్నది. బతికి ఉన్న నైట్‌కు విడుదల సొమ్ము వస్తుంది, మామూలు కాల్బంటుకు రాదు. అందుకే అతనికి దయా దక్కలేదు. ఊళ్లు తగలబెడుతుంటే రైతును కాపాడినవాడు లేడు. 1415లో ఫ్రాన్స్‌లో జరిగిన అజింకూర్ యుద్ధంలో మళ్లీ దాడి జరుగుతుందన్న భయంతో ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ బందీలను చంపమన్నప్పుడు నైట్లకే ఆ రక్షణ లేకపోయింది. ఇలా అంటే కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. అయినా జాన్ తిరిగి రావడం ఎంత నిజమో ఇదీ అంతే నిజం. రెండూ పిల్లలకు చెప్పాల్సిందే.

యాత్రకు పేర్లిచ్చి రానివాళ్ల గురించి చెప్పక తప్పదు. వాళ్లకు టికెట్లు ముందే కొన్నాం, అవన్నీ వృథా అయ్యాయి. ఉదయం పిల్లల్ని లెక్కపెట్టుకోవడానికి పెద్దవాళ్లు చాలక టెన్షన్ పడ్డది నేనూ, కోశాధికారి గారూ. వాట్సాప్‌లో బొటనవేలు పెట్టడం వేరు, పొద్దున్నే స్టేషన్‌కు రావడం వేరు. మనం తలపెట్టిన ప్రదర్శనకు హాలు కోసం స్థానిక కార్యాలయానికి పదేపదే ఉత్తరాలు రాశాం, జవాబే లేదు. చివరికి ఒక సభ్యురాలు తన ఇంటి హాలు ఇచ్చి పరువు నిలబెట్టారు. ఆవిడకూ, బోర్డులు రాసిన యువతీయువకులకూ, పులిహోర చేసి తెచ్చిన అత్తయ్యలకూ, కార్లు నడిపిన అన్నయ్యలకూ పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. లోటు లేదు. చందా బాకీలు ఈ నెలలోగా కట్టేయండి.

వచ్చే ఏడాది కాంటర్‌బరీ వెళ్లి బ్లాక్ ప్రిన్స్ సమాధి చూడాలని కార్యవర్గం నిర్ణయించింది. సమాధి పైన వేలాడేవి ఆయన శిరస్త్రాణం, చేతి కవచాల నకళ్లు. అసలువి ఆ చర్చిలోనే భద్రపరిచారు. పిల్లల బాధ్యత తీసుకునే పెద్దలు కనీసం ఆరుగురు ఈ సమావేశంలోనే పేర్లు ఇవ్వాలి. పేర్లు వచ్చాకే టికెట్లు కొంటాం.

ఇట్లు,
కార్యదర్శి