శాతం చూసి పిల్లలను దోషులను చేయకండి

తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులు గారికి,

నమస్కారం. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. తెలుగు మీడియంలో చదివొచ్చిన ఒక అమ్మాయి ప్రాజెక్టును ఏఐ రాసిందంటూ కాలేజీవాళ్లు తిప్పి పంపారు. ఆధారం, ఇందులో ఇంత భాగం ఏఐదేనని సాఫ్ట్‌వేర్ చూపిన శాతం ఒక్కటే. కొట్టివేతలతో నిండిన ఆమె చిత్తుప్రతిని ఎవరూ తెరిచి చూడలేదు.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే, ఏఐ రాతను పట్టుకోవడానికి తెచ్చిన తన టూల్ సరిగా పనిచేయడం లేదని 2023 జులైలో ఆపేసింది. ఆ ఏడాదే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐవేనని ఇలాంటి టూల్స్ చెప్పాయి. తేలిక మాటల్లో రాయడమే వాళ్ల తప్పయింది. మన ములుగు, భూపాలపల్లి పిల్లలు రాసేదీ అలాంటి ఇంగ్లీషే కదా సార్!

కాపీ కొట్టేవాళ్లను వదిలేయమనడం లేదు. అనుమానం వస్తే ఎదురుగా కూర్చోబెట్టి అడగమనండి. శాతం చూసి మార్కులు కోయొద్దని ఈ సెమిస్టర్‌లోనే యూనివర్సిటీలన్నిటికీ రాయండి.