పనసచెట్టు దగ్గర మొదలైన మాట

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ గ్రూపుల్లో మతం ఊసే ఎత్తకూడదనీ, ఎత్తినవాళ్లను వెంటనే తీసేయాలనీ ఈ మధ్య మీ పేజీలో ఒక పాఠకులు రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఎక్కడో ఎవరో కూర్చుని తయారుచేసిన విషం తెల్లారేసరికి మన ఫోన్లోకి వచ్చేస్తోంది. అయినా ఆయన చెప్పిన మందు నాకు నచ్చలేదు. నేను రాజోలు వైపు బడుల్లో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా గ్రూపులో మేం మతం గురించి మాట్లాడుకుంటాం, ఇష్టంగా మాట్లాడుకుంటాం.

అది మొక్కల కోసం పెట్టుకున్న గ్రూపు. కడియం నర్సరీలో అంట్లు కట్టే కుర్రాడున్నాడు. సఖినేటిపల్లి వైపు పాస్టరుగారు, నగరం అనే ఊళ్లో బట్టలకొట్టు నడిపే హాజీగారు, అంతర్వేది దగ్గర పౌరోహిత్యం చేసే శాస్త్రిగారు ఉన్నారు. ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లిన మా వైపు ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయి అక్కడ డబ్బాలో కరివేపాకు బతికించుకుంటోంది. ఆ మొక్క చిగురేస్తే మా అందరికీ పండగ. నియమం ఒక్కటే. ఎవరో పంపింది పెట్టకూడదు. తాను చూసింది, చేసింది, తెలియక అడిగేది మాత్రమే పెట్టాలి.

ఒకసారి మామిడికుదురు వైపు ఒకావిడ, పెరట్లో పనసచెట్టు ఆరేళ్లయినా కాయలేదు, కొట్టించేస్తున్నానని రాసింది. పాస్టరుగారు వెంటనే సువార్తలో అంజూరపు చెట్టు కథ చెప్పారు. మూడేళ్లుగా పండ్లు లేవు, నరికెయ్యమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని బతిమాలతాడు తోటమాలి. నేను చిన్నప్పటి నుంచీ చర్చి పక్క వీధిలోనే ఉన్నాను, ఆ కథ మాత్రం ఎప్పుడూ వినలేదు. పదిమంది కొడుకులు ఒక చెట్టుతో సమానమన్న పురాణ శ్లోకం శాస్త్రిగారు రాశారు. తాను నాటిన మొక్క ఫలాన్ని మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి అది దానంగానే దక్కుతుందన్న ప్రవక్త మాటను హాజీగారు చెప్పారు. ఇంతమంది పెద్దలు మాట్లాడాక కడియం కుర్రాడు, "గింజ మొక్క పనస కాపుకు ఏడెనిమిదేళ్లు పడుతుందండి. ఆరేళ్లకే గొడ్డలేంటండి? ముందు మొదట్లో నీళ్లు నిలవకుండా బోదె తీయించండి, పనస వేరు తడి ఓర్చుకోదు" అన్నాడు. ఆవిడ బోదె తీయించింది. చెట్టు ఇంకా కాయలేదు. నరకలేదు కూడా.

మతం మాట్లాడొద్దని కట్టడి చేసుంటే ఆ సాయంత్రం మాకు కుర్రాడి సలహా ఒక్కటే దక్కేది. పక్కింటివాళ్లు చెట్టును ఏ కళ్లతో చూస్తారో తెలిసేది కాదు. దేవుడు ఎవరివాడన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎవరి గోడ వాళ్లు కట్టుకుంటారు, నిజమే. చేతిలో ఉన్న వస్తువుతో మొదలుపెడితే అలా జరగదని నా అనుభవం. గొబ్బెమ్మల మీద పెట్టే ముద్దబంతి మెక్సికో నుంచి వచ్చిందని తెలిసిన రోజున శాస్త్రిగారే అందరికంటే ఎక్కువ సంబరపడ్డారు.

అన్నీ ఇలా తీయగానే సాగుతాయని చెప్పను. ధవళేశ్వరం ఆనకట్ట గురించి వాదన గట్టిగానే జరిగింది. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన కాటన్ దొరను గోదావరి స్నాన సంకల్పంలో భగీరథుడని తలచుకునే శ్లోకం ఉందని శాస్త్రిగారు గర్వంగా చెప్పారు. హిందువులు పిండాలు పెట్టే రేవులో ఒక క్రైస్తవుడి పేరు చదవడం ఎంత గొప్ప సంగతి! ఈస్టిండియా కంపెనీ శిస్తు కోసమే కట్టిందని చరిత్ర చదువుకుంటున్న ఒక పిల్ల అంది. ఇద్దరూ కాస్త గొంతు పెంచారు. అప్పుడు కువైట్ అమ్మాయి, "మట్టి మోసిన కూలీల పేర్లు ఏ శ్లోకంలో ఉన్నాయండి?" అని అడిగింది. దానికి ఇప్పటికీ మా ఎవరి దగ్గరా జవాబు లేదు. మా డెల్టాలో నీళ్లు తాగే ప్రతివాళ్లూ ఆలోచించాల్సిన ప్రశ్న అది.

నా విషయానికొస్తే, బొమ్మల మాట రాకుండా ఉండలేను. రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరున ఉన్న చిత్రశాల మీ పాఠకుల్లో ఎంతమంది చూశారో! ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిలో విద్యను గుర్తించి ప్రోత్సహించాడు. 1925లో పోయేనాటికి రామారావుకు 28 ఏళ్లు నిండలేదు. ఆయన 'సిద్ధార్థ రాగోదయం' గురించి నేను రాస్తే, బుద్ధుడి బొమ్మ ఎందుకు వేశారు, మన వైపు బౌద్ధులుండేవారా అని ఒకరు అడిగారు. ఉండేవారండీ, ఆదుర్రులో వాళ్ల పాత స్తూపమే ఉంది, మాకు దగ్గర్లోనే, గోదావరి పాయ వైనతేయ ఒడ్డున. గ్రూపులో సగంమంది దాన్ని చూడనేలేదు. పనస ఆవిడకైతే అది సొంత మండలమే.

అందుకే మీకో విన్నపం. జిల్లా పేజీలో గుడి గొడవలకూ, చర్చి గొడవలకూ మీరు ఇచ్చే చోటులో కొంచెం, ఆదివారం ఒక్క పావు పేజీ, పాఠకులు ఒకరినొకరు అడిగి చెప్పుకోవడానికి కేటాయించండి. మొక్కలు, పాత కట్టడాలు, పాటలు, బొమ్మలు, పూజలు, ప్రార్థనలు ఏవైనా రావచ్చు. మా నియమమే అక్కడా పెట్టండి. ఓడించడానికి అడిగే ప్రశ్నలు వేయకండి. ఫోన్లు లేని పెద్దవాళ్లకు మీ పత్రికే దిక్కు. వాళ్ల దగ్గరే అసలు సంగతులున్నాయి.

మీరు ఒప్పుకుంటే మొదటి ప్రశ్న నాదే. ఆదుర్రు, పాశర్లపూడి, అప్పనపల్లి ఊళ్ల పెద్దలు ఆ స్తూపం దిబ్బ గురించి తమ చిన్నతనంలో ఇంట్లో ఏమని విన్నారో రాయగలరా? అక్కడ ఏ చెట్లుండేవో కూడా రాస్తే బొమ్మ వేసి పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు టీచరు,
రాజోలు, కోనసీమ